మైనస్ 15 కంట్లో రంధ్రం: ఆపరేషన్ దేనికోసమో ముందు అడగండి

పాఠకుల ప్రశ్నలు, కర్నూలు రెటీనా వైద్యురాలి జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మా, మాది ఆదోని. నాకు 52 ఏళ్లు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఐదో తరగతి నుంచి అద్దాలు వాడుతున్నాను. ఇప్పుడు కుడి కంటికి మైనస్ 13, ఎడమ కంటికి మైనస్ 15. మొన్నామధ్య కుడి కంట్లో నలుసు పడింది. ఆ కన్ను మూసుకుని టేపు చూస్తే ఎడమ కంటికి మధ్యలో అంకె కనబడలేదు. పక్క అంకెలు వంకరగా కనిపించాయి. స్కాన్ తీసి, నరం మధ్యలో రంధ్రం పడింది, ఆపరేషన్ చెయ్యాలి, కానీ చూపు పూర్తిగా వస్తుందని గ్యారంటీ ఇవ్వలేం అన్నారు. మా వదినకు ఇదే జబ్బుకు ఆపరేషన్ చేస్తే ఇప్పుడు పేపరు చదువుతోంది. ఆమెకు చిన్నప్పటి నుంచి సైట్ లేదు. ఆమెకు నయమైంది నాకెందుకు కాదు? గ్యారంటీ లేని ఆపరేషన్ ఎందుకు చేయించుకోవాలి?
(ఒక పాఠకురాలు, ఆదోని)

జవాబు: అమ్మా, గ్యారంటీ ఇవ్వలేమన్నారని ఆ డాక్టరు మీద అనుమానం పెట్టుకోకండి. ఉన్నమాట చెప్పారు. మీ వదిన కన్ను, మీ కన్ను ఒకటి కావు. పేరుకు జబ్బు ఒకటే అయినా అది వచ్చిన దారి వేరు.

మామూలు కన్ను ముందు నుంచి వెనక్కి 23, 24 మిల్లీమీటర్లు ఉంటుంది. పొడవు ఒక మిల్లీమీటరు పెరిగితే సుమారు రెండున్నర నుంచి మూడు దాకా మైనస్ పవర్ వస్తుంది. మైనస్ 15 అంటే మీ ఎడమ కన్ను 29 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండవచ్చు. కన్ను కొలిచి ఉంటే ఆ అంకె మీ ఫైల్లోనే ఉంటుంది, చూడండి. ఇంత పొడవు పెరిగిన కంట్లో రెటీనా, అంటే మీరు నరం అన్న ఆ లోపలి చూపు పొర, కొత్తగా పుట్టదు, ఉన్నదే సాగుతుంది. దాని కింద రక్తం అందించే పొర కూడా పల్చబడుతుంది. చాలామందికి వెనకభాగం అంతా ఒకే తీరుగా సాగదు, ఒకచోట గుంతలాగా వెనక్కి ఉబ్బుతుంది. దాన్ని స్టాఫిలోమా అంటాం.

మీ పనిలో పెట్టి చెబుతాను. పైగుడ్డ సాగిపోయి, లోపలి లైనింగ్ కొలత తక్కువైతే ఏమవుతుంది? లైనింగ్ బిగుసుకుని, బలం తక్కువున్న చోట పిగులుతుంది. మీ కంట్లో పైగుడ్డ అంటే తెల్లగుడ్డు, లైనింగ్ అంటే రెటీనా. పిగిలింది మాక్యులా నడిమధ్య, అన్నిటికంటే పల్చని చోటు. అక్షరం చదివేది, సూదిలో దారం ఎక్కించేది ఆ చోటుతోనే.

మీ వదిన కంట్లో లైనింగ్‌కు కొలత తక్కువ కాలేదు. వయసుతో కంట్లోని జెల్లీ కుంచించుకుపోతూ, మధ్యభాగాన్ని అంటిపెట్టుకుని ముందుకు లాగింది. ఆ లాగుడు తీసేస్తే అంచులు దగ్గరకొస్తాయి. మీకు ముందు నుంచి ఆ లాగుడు ఉంది, వెనక నుంచి ఈ సాగుడూ ఉంది. ముందుదాన్ని మేం తీయగలం. వెనకదాన్ని తీయలేం. గ్యారంటీ మాట దగ్గర డాక్టరు ఆగిపోయింది ఇందుకే.

1991కి ముందు ఎవరి కంట్లో ఈ రంధ్రం పడినా చేసేదేమీ లేదనేవారు. ఆ ఏడాది అమెరికాలో కెల్లీ, వెండెల్ అనే ఇద్దరు డాక్టర్లు 52 కళ్లకు ఆపరేషన్ చేస్తే 58 శాతం కళ్లలో మూతపడిందని ప్రకటించారు. అప్పటి నుంచి పద్ధతి మెరుగుపడుతూ వచ్చి, ఇప్పుడు మామూలు కళ్లలో పదింట తొమ్మిదికి పైగా మూతపడుతున్నాయి. ఎక్కువ మైనస్ ఉన్న కళ్లలో ఈ లెక్క తగ్గుతుంది. కన్ను ఎంత పొడవైతే, వెనక గుంత ఎంత లోతైతే అంత తగ్గుతుంది.

ఇక ఆపరేషన్ ఎలా చేస్తామో చెబుతాను. తెల్లగుడ్డులో మూడు సన్నని దారులు పెడతాం. ఒక్కొక్కటి అర మిల్లీమీటరు, అంతకు కొంచెం ఎక్కువ ఉంటుంది. ఒకదాంట్లోంచి నీరు లోపలికి పోతుంది, ఒకదాంట్లో లైటు, ఇంకోదాంట్లో జెల్లీని కత్తిరించి లాగేసే పరికరం. మామూలు కంట్లో జెల్లీ ఒక్కసారి ఊడితే ఊడినట్టే. పొడవు కళ్లలో పైకి అంతా వచ్చినట్టే కనబడుతుంది, కానీ ఒక పల్చని పొర రెటీనాకు అతుక్కుని మిగిలిపోతుంది. తెల్లటి స్టెరాయిడ్ మందు చల్లితే ఆ పొర మీద నిలబడి అది ఎక్కడుందో చూపిస్తుంది. దాన్ని ఓపికగా తీయాలి. నా మటుకు ఈ ఆపరేషన్‌లో ఎక్కువ సమయం ఇక్కడే పోతుంది, పోవాలి కూడా. కన్ను మరీ పొడవైతే మామూలు చిమటా వెనక గోడ దాకా అందడమే కష్టమవుతుంది.

ఆ తర్వాత నీలం రంగు మందు వేస్తాం. రెటీనా మీద ఐఎల్ఎం అనే పొర ఉంటుంది. దాని మందం రెండు మూడు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో కొన్ని వెయ్యో వంతులు. రంగు పట్టాక దాన్ని చిమటాతో పట్టి రంధ్రం చుట్టూ ఒలుస్తాం. మీ వదినకు ఒలిచి తీసేసి ఉంటారు. మీలాంటి కంట్లో దాన్ని పారేయడానికి చాలామంది డాక్టర్లు ఇప్పుడు ఒప్పుకోరు. 2010లో పోలండ్‌లో మిఖలెవ్‌స్కా, నవ్రోత్స్కీ బృందం పెద్ద రంధ్రాలకు ఒక మార్గం చూపింది. పొరను పూర్తిగా ఊడదీయకుండా అంచు దగ్గర అంటిపెట్టి ఉంచి, తిరగేసి రంధ్రం మీద కప్పారు. ఆ పొర ఆధారంగా కణాలు పాకి రంధ్రాన్ని పూడుస్తాయి. ఆ తర్వాత ఎక్కువ మైనస్ కళ్లకూ ఇదే వాడుతున్నారు, మూతపడే అవకాశం బాగా పెరిగింది. చివర్లో, రంధ్రం పూడేదాకా లోపలి నుంచి ఆనించి ఉంచడానికి కంట్లో గ్యాస్ గానీ సిలికాన్ ఆయిల్ గానీ నింపుతాం.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. రంధ్రం మూతపడటం వేరు, చూపు రావడం వేరు. స్కాన్‌లో చక్కగా పూడిపోయిన కన్ను కూడా సన్నని అక్షరం చదవలేకపోవచ్చు, ఎందుకంటే అక్కడి చూపు కణాలు ఏళ్ల తరబడి సాగి అరిగిపోయి ఉంటాయి. మరి ఎందుకు చేయించుకోవాలి? మీ వదిన కంట్లో రంధ్రాన్ని వదిలేసి ఉంటే మధ్య చూపు పోయేది, పక్క చూపు మిగిలేది. మీ కంట్లో వదిలేస్తే ఆ రంధ్రంలోంచి నీరు రెటీనా కిందికి చేరి, మొత్తం రెటీనానే గోడ నుంచి ఊడదీసే ప్రమాదం ఉంది. మామూలు కళ్లలో ఇది అరుదు. గుంత ఉన్న పొడవు కళ్లలో అరుదు కాదు. అలా ఊడిపోయాక చేసే ఆపరేషన్ మరింత కష్టం, ఫలితం మరింత తక్కువ. కాబట్టి మీకు ఈ ఆపరేషన్ మొదట ఉన్నదాన్ని కాపాడటానికి. వంకర తగ్గినా, రెండు వరుసలు ఎక్కువ చదవగలిగినా అది ఆ తర్వాత వచ్చే లాభం. ఈ మాట ఆపరేషన్‌కు ముందే మనసులో ఉంటే, మూడు నెలల తర్వాత గోడ మీద చార్టు ముందు కూర్చున్నప్పుడు మీరు కుంగిపోరు.

డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లి, స్కాన్ ముందు పెట్టుకుని అడగండి: రంధ్రం చుట్టూ రెటీనా కింద నీరు చేరిందా? రెటీనా పొరలు విడిపోయాయా? వెనక గుంత ఎంత లోతు? పొరను తిరగేసి కప్పుతారా, ఒలిచి తీసేస్తారా? గ్యాసా, ఆయిలా? మీరడిగితే ఏ మంచి డాక్టరూ విసుక్కోరు. నీరు చేరిందంటే వారాలు గడపకండి. గుంత మరీ లోతుగా ఉన్నవాళ్లకు కంటి బయట నుంచి వెనక గోడకు ఆనిక పెట్టే ఆపరేషన్ కూడా ఉంది. అరవై ఏళ్లకు పైబడిన పద్ధతే, కానీ చేసేవాళ్లు తక్కువ. అవసరమనుకుంటే మీ డాక్టరే పెద్ద సెంటరుకు రాసిస్తారు.

మత్తు ఇంజెక్షన్ విషయం కూడా చెప్పాలి. పొడవు కంటి పక్కన మామూలు సూదితో మత్తు ఇచ్చేటప్పుడు కంటి గోడకు గుచ్చుకునే ప్రమాదం మిగతావాళ్ల కంటే ఎక్కువ. మత్తు ఇచ్చే డాక్టరుకు మీ నోటితోనే "నాకు మైనస్ 15" అని చెప్పండి. మొద్దు మొన ఉన్న గొట్టంతో ఇచ్చే పద్ధతి ఉంది.

చివరగా, మీ కుడి కంటిని మరిచిపోకండి. అది మైనస్ 13. దానికీ చుక్కలు వేసి చూడాలి, స్కాన్ తీయాలి. నలుసు పడకపోతే ఎడమ కంటి సంగతి మీకు ఇంకెన్నాళ్లకు తెలిసేదో. రెండు కళ్లూ తెరిచి ఉంటే మంచి కన్ను చెడ్డకన్ను లోటును కప్పేస్తుంది. క్యాలెండర్‌లో గళ్లున్నాయి కదా, వారానికోసారి ఒక్కో కన్ను మూసి ఆ గళ్లు చూడండి. అద్దాలు పెట్టుకునే చూడాలి.

ప్రశ్న: నమస్తే మేడమ్. మా నాన్న రైల్వేలో రిటైరయ్యారు, 61 ఏళ్లు, మైనస్ 11. బెంగళూరులో మాక్యులర్ హోల్ ఆపరేషన్ చేసి గ్యాస్ పెట్టారు. బోర్లా పడుకోమన్నారు. మెడ నొప్పితో అల్లాడిపోతున్నారు, ఎన్నాళ్లు ఉండాలి? కంట్లో నీళ్లగీత ఊగుతున్నట్టు కనబడుతోందట. ఇంకో సంగతి, ఆపరేషన్ బాగా జరిగితే తిరుమల వస్తానని మొక్కుకున్నారు, ఈ నెలలోనే పోదామంటున్నారు.
(ఒక పాఠకుడు, గుంతకల్లు)

జవాబు: నాయనా, మొక్కు తీర్చుకోవచ్చు, కానీ ఈ నెలలో వద్దు. గ్యాస్ పూర్తిగా కరిగిందని డాక్టరు చూసి చెప్పేదాకా కొండ ఎక్కనివ్వకండి.

ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, కంట్లోని గ్యాస్ ఉబ్బుతుంది. కన్ను మూసి ఉన్న గది, ఉబ్బడానికి చోటుండదు. లోపలి ఒత్తిడి పెరిగి రెటీనాకు రక్తం ఆగిపోతే చూపు శాశ్వతంగా పోవచ్చు. తిరుపతి 160 మీటర్ల దరిదాపుల్లో ఉంటే తిరుమల సుమారు 850 మీటర్లు. బస్సు ఆ ఎత్తును గంటలోపే ఎక్కేస్తుంది. హార్సిలీ హిల్స్ ఇంకా ఎత్తు. విమానం ఎక్కే మాటే లేదు.

మీకు తట్టని ఇంకో సంగతి ఉంది. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఆపరేషన్ అయ్యాక మీరు గుంతకల్లుకు దిగివచ్చారు, అందులో ఇబ్బంది లేదు. చెకప్‌కు మళ్లీ పోయేటప్పుడు మీరు ఎక్కుతారు. అనంతపురం జిల్లా నుంచి కళ్లకు బెంగళూరు పోయేవాళ్లు ఎంతోమంది, ఈ మాట వాళ్లకు ఎవరూ చెప్పరు. ఘాట్ రోడ్డంత తొందరగా ఎక్కం కాబట్టి చాలామందికి ఏమీ కాదు, కానీ బుడగ పెద్దదిగా ఉన్నప్పుడు బయల్దేరే ముందు ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోన్ చేసి, ఎప్పుడు రమ్మంటారో అడగండి. దారిలో కన్ను పోటు పెట్టినా, వాంతి వచ్చినట్టున్నా, చూపు మసకబారినా ఇంకా పైకి పోకండి. వెనక్కి దిగి దగ్గరున్న కంటి ఆసుపత్రిలో కంటి ప్రెషర్ చూపించండి.

కరగడానికి పట్టే కాలం ఏ గ్యాస్ పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎస్‌ఎఫ్6 అయితే రెండు వారాల దాకా, సి3ఎఫ్8 అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు. డిశ్చార్జి కాగితంలో రాసి ఉంటుంది. ఆయనకు ఊగుతూ కనబడే గీత బుడగ అంచే. అది రోజురోజుకూ కిందికి దిగుతుంది, చివరికి చిన్న గుండ్రని చుక్కై మాయమవుతుంది. గ్యాస్ ఉన్నన్నాళ్లూ ఇంకే ఆపరేషన్ అవసరమొచ్చినా, పన్ను తీయించుకున్నా సరే, మత్తు ఇచ్చేవాళ్లకు ఈ సంగతి ముందు చెప్పాలి. నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు గ్యాస్ ఆ బుడగలోకి చొరబడి దాన్ని ఉబ్బిస్తుంది. ఆసుపత్రివాళ్లు చేతికి పట్టీ కట్టి ఉంటే విప్పకండి.

బోర్లా ఉండటం గురించి: చిన్న రంధ్రాలకు ఇప్పుడు చాలామంది డాక్టర్లు అంత పట్టుబట్టడం లేదు. ఎక్కువ మైనస్ ఉన్న కంట్లో మాత్రం బుడగ సరిగ్గా వెనక గోడను ఆనుకుని ఉంటే మంచిదని నేనూ అంటాను. ఎన్ని రోజులన్నది ఆ రంధ్రాన్ని చూసినవాళ్లే చెప్పాలి, వాళ్ల మాటే వినండి. ముఖం నేలవైపు ఉండాలి, అంతే. ఒళ్లంతా బోర్లా ఉండక్కర్లేదు. కుర్చీలో కూర్చుని ముందు బల్ల మీద రెండు దిండ్లు పెట్టి నుదురు ఆనించవచ్చు. మంచం మీద పడుకుంటే ఛాతీ కింద దిండు పెట్టండి, మెడ మీద బరువు తగ్గుతుంది. గంటకోసారి లేచి భుజాలు తిప్పి, తల వంచే నాలుగడుగులు వెయ్యమనండి. ఫోను నేల మీద పెట్టి పాటలు పెడితే పొద్దు పోతుంది. వెల్లకిలా మాత్రం పడుకోనివ్వకండి. నిద్రలో తిరగకుండా వెనక దిండు అడ్డం పెట్టండి.

మెడ అసలు వంచలేనివాళ్లకు, తప్పనిసరిగా ప్రయాణాలున్నవాళ్లకు గ్యాస్ బదులు సిలికాన్ ఆయిల్ పెడతాం. ఆయిల్ ఎత్తుకు ఉబ్బదు. కానీ దానంతటది కరగదు, కొన్ని నెలలకు ఇంకో ఆపరేషన్ చేసి తీయాలి.

మీ నాన్నగారి వయసులో ఈ ఆపరేషన్ తర్వాత ఏడాది రెండేళ్లలో శుక్లం ముదరడం మామూలు. చూపు ముందు బాగై, నెలలు గడిచాక మళ్లీ మసకబారితే ఆపరేషన్ చెడిందని బెంబేలెత్తకండి. చాలాసార్లు అది శుక్లమే అవుతుంది, తీస్తే సరిపోతుంది.

ప్రశ్న: మేడమ్, మా పాపకు 21 ఏళ్లు, మైనస్ 9. సంబంధాలు చూస్తున్నాం. లేజర్ చేయించి అద్దాలు తీసేస్తే నరం జబ్బులు కూడా రావు కదా? నరంలో హోల్ ఉన్నా లేజర్‌తో మూసేస్తారని విన్నాం.
(ఒక తల్లి, ప్రొద్దుటూరు)

జవాబు: అమ్మా, రెండూ వేర్వేరు లేజర్లు, రెండూ మీరనుకున్న పని చెయ్యవు.

అద్దాలు తీసే లేజర్ కంటి ముందున్న నల్లగుడ్డు పైపొరను సరిచేస్తుంది. కన్ను పొడవు అలాగే ఉంటుంది, లోపల రెటీనా అలాగే సాగి ఉంటుంది. అద్దాలు లేని మైనస్ 9 కన్నుకు మిగిలిన ముప్పులన్నీ అద్దాలున్న మైనస్ 9 కన్నుకు ఉన్నవే. నాకు భయం ఎక్కడంటే, అద్దాలు పోగానే జనం కంటి డాక్టరు దగ్గరికి రావడం మానేస్తారు. చేయించండి, తప్పు లేదు, పాపకు ఇష్టమైతే, నల్లగుడ్డు మందం సరిపోతే. కానీ ఏడాదికోసారి చుక్కలు వేసి నరం చూపించడం ఆపకండి. పాత పవర్ కాగితాన్ని దాచండి. ముప్పై ఏళ్ల తర్వాత ఆమెకు శుక్లం ఆపరేషన్ చేసే డాక్టరుకు కూడా అది కావాలి.

నరం హోల్‌కు వేసే లేజర్ రెటీనా అంచుల్లో, పక్కల్లో పడే రంధ్రాలకు. ఎక్కువ సైట్ ఉన్నవాళ్లకు అక్కడ పల్చబడి రంధ్రాలు పడతాయి. కొన్నింటికి చుట్టూ లేజర్ వేసి కట్టుదిట్టం చేస్తాం, మంచి వైద్యం అది. మాక్యులా మధ్యలో పడిన రంధ్రానికి అదే లేజర్ వేస్తే చదివే చోటే కాలిపోతుంది. దానికి పైన ఆదోని అమ్మకు చెప్పిన ఆపరేషనే దారి.

సంబంధాల మాట ఎత్తారు కాబట్టి: పాప కళ్ల ఫైల్‌ను అవతలివాళ్ల దగ్గర దాచకండి. కాన్పు సమయంలోనో, ఎప్పుడో రాత్రిపూట కంట్లో మెరుపులు వస్తేనో, పక్కనున్న మనిషికి ఆ కన్ను సంగతి తెలిసి ఉండాలి. తెలిసినవాళ్లయితేనే తెల్లారేదాకా ఆగరు.

ప్రశ్న: మా అమ్మకు 70 దాటాయి. రెండు కళ్లకూ మైనస్ 16. కుడి కంట్లో రంధ్రం ఉందని ఏళ్ల కిందటే చెప్పారు, ఇప్పుడు ఆపరేషన్ వద్దంటున్నారు. ఎవరో తేనె చుక్కలు వేస్తే పూడుతుందన్నారు. విటమిన్ బిళ్లలు పనిచేస్తాయా? డబ్బు లేదని వద్దంటున్నారేమో అని మాకు దిగులు.
(ఒక కొడుకు, కర్నూలు)

జవాబు: తేనె వద్దు. నల్లగుడ్డుకు పుండు పడి వచ్చేవాళ్లలో ఇలాంటివి వేసుకున్నవాళ్లు ఉంటారు. ఏ చుక్కల మందూ ఆ రంధ్రం దాకా చేరి దాన్ని పూడ్చదు. బిళ్లలూ అంతే.

వద్దన్నది డబ్బు చూసి అయి ఉండదు. ఎక్కువ మైనస్ కళ్లలో కొన్ని రంధ్రాలు ఏళ్ల తరబడి కదలకుండా ఉంటాయి. అంచులు చదునుగా, నీరు చేరకుండా, కింద పొర అరిగిపోయి ఉంటే ఆపరేషన్‌తో వచ్చేది తక్కువ, కంటిని కదిపే ప్రమాదం ఎక్కువ. అలాంటి కంటికి ఆరు నెలలకోసారి స్కాన్ తీసి, పాతదాని పక్కన పెట్టి పోల్చి చూడటమే వైద్యం. అందుకే ప్రతి స్కాన్ కాగితాన్నీ భద్రం చెయ్యండి. సందేహం తీరకపోతే కర్నూలులోనే మన ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, పాత కాగితాలన్నీ పట్టుకుని అమ్మను అక్కడ ఇంకోసారి చూపించండి. ముందుముందు ఆపరేషన్ అవసరమని తేలితే ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు తీసుకెళ్లి, ఆసుపత్రిలో ఉండే వైద్యమిత్రను ఈ ఆపరేషన్ అందులో వస్తుందో లేదో అడగండి. అప్పు మాట ఆ తర్వాత.

ఈలోగా అమ్మ ఎడమ కంటి మీద కన్నేసి ఉంచండి. గీతలు కొత్తగా వంకరపోయినా, మధ్యలో మసక వచ్చినా వారంలోపు చూపించాలి. ఎక్కువ మైనస్ కళ్లలో రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారడం కూడా ఇలాగే మొదలవుతుంది. దానికి కంట్లో ఇంజెక్షన్ ఉంది, త్వరగా వేస్తే చూపు నిలుస్తుంది. ఇక ఒక్కసారిగా నల్లచుక్కలు గుంపుగా తేలినా, మెరుపులు మెరిసినా, ఒక పక్క నుంచి పరదా జారుతున్నట్టున్నా వారం కాదు, అదే రోజు తీసుకురండి. ఆదివారమైనా సరే.